ఊరి ప్రశ్నలు, అమెరికా డాక్టరేట్లు

అర్థశాస్త్రంలో పెద్ద చదువుకు కావలసింది పొలం అమ్మిన డబ్బు కాదు, లెక్కలు

లెక్కలంటే భయపడే పిల్లవాడికి మన పల్లెల్లో పెద్దలిచ్చే సలహా ఒకటుంది. "ఎకనామిక్స్ వున్న గ్రూపులో చేరు, బట్టీ పట్టినా గట్టెక్కుతావు" అంటారు. పదో తరగతి గట్టెక్కి ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునే వేళ ఈ మాట ఎన్నో ఇళ్లల్లో వినబడుతుంది. బి.ఏ. పట్టాతో ఆగిపోయేవారికి దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. కాని అదే అర్థశాస్త్రంలో పేరున్న విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేయాలనుకునేవారికి మాత్రం ఈ ఒక్క సలహా పదహారో ఏటనే తలుపు మూసేస్తుంది. ఎందుకంటే అక్కడ అర్థశాస్త్రం గణితం మీదనే నడుస్తుంది.

విచిత్రమేమంటే, ఆ పెద్ద చదువుల్లో పరిశోధించే సంగతులు చాలావరకు మన ఇళ్లల్లో రోజూ నలిగేవే. కౌలు, కూలి, వడ్డీ, కరువు, బడి, ఆడపిల్ల పెళ్లి... వీటిమీదనే అక్కడ సిద్ధాంతాలు పుట్టాయి, డాక్టరేట్లు వచ్చాయి. పాలమూరు పల్లెల్లోని జమాఖర్చులు సైతం అక్కడ పాఠాలయ్యాయి. ఆ పాఠాలు చెప్పేవారిలో, రాసేవారిలో మన పల్లెల పిల్లలు మాత్రం బహు అరుదు.

పాలమూరు నుంచి షికాగోకు

పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ మెట్ట పంటల మీద పరిశోధనలు చేస్తుందని అందరికీ తెలుసు. విత్తనాల సంగతి ఒక్కటే చూస్తే చాలదని, రైతు బతుకు కూడా తెలియాలని ఆ సంస్థ 1975లో ఒక పని మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి చొప్పున ఆరు గ్రామాలను ఎంచుకున్నది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఎంచుకున్న ఊళ్లలో డోకూరు ఒకటి. రెండోది పరిశోధన పత్రాలలో ఔరేపల్లె అనే పేరుతో కనబడుతుంది.

ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలను తీసుకున్నారు. అందులో పది కూలి కుటుంబాలు. మిగిలిన ముప్పై సేద్యం చేసేవి - చిన్న, మధ్య తరగతి, పెద్ద రైతులవి పదేసి చొప్పున. ఊళ్లోనే మకాం పెట్టిన ఉద్యోగులు మూడు నాలుగు వారాలకొకసారి ఆ ఇళ్లకు వెళ్లేవారు. ఎంత పండింది, ఎంత అమ్మారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఎన్ని రోజులు కూలికి పోయారు అని అడిగి రాసుకునేవారు. దాదాపు పదేళ్లు ఇలా సాగింది. 2001 తర్వాత ఆ పని తిరిగి మొదలైంది.

ఆ కాగితాలు ఖండాలు దాటాయి. అప్పట్లో షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆచార్యుడు వాటిని ముందు పెట్టుకుని ఒక ప్రశ్న వేశాడు. ఒక ఇంటికి పంట పోయినా, ఇంటి యజమాని జబ్బున పడినా ఆ ఇంటి తిండీ గుడ్డా కూడా అదే లెక్కన పడిపోతాయా? ఔరేపల్లెతో పాటు మహారాష్ట్రలోని మరి రెండు ఊళ్ల లెక్కలు చూసి 1994లో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. ఇంటి రాబడి ఎగుడుదిగుడుగా వున్నా, ఇంటి వాడకం మాత్రం ఊరందరి సగటుతో పాటే నడుస్తున్నదని తేల్చాడు. చేబదులు, బంధువుల ఆసరా, ధాన్యం నిల్వలు, కూలి పనులు - ఇలాంటి దారులన్నీ కలిసి ఎవరూ రాయని బీమా పత్రంలా పనిచేస్తున్నాయన్నమాట. అయితే ఆ బీమా అందరికీ సమంగా లేదు. మూడు ఊళ్లలో ఒక ఊళ్లో భూమిలేని వారికి అది తక్కువగా అందుతున్నట్టు ఆధారం దొరికింది. ఊరంతటికీ ఒక్కసారే కరువు వస్తే మాత్రం ఒకరినొకరు ఆదుకునే దారి సన్నగిలుతుంది. ఇది చెప్పడానికి ఎవరూ అక్కరలేదు, మనకు తెలిసిందే.

అంతకు ముందే, 1989లో, మార్క్ రోజెన్‌జ్వీగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు ఈ లెక్కలతోనే మరో విషయం బయటపెట్టారు. ఆడపిల్లలను దూరపు ఊళ్లలోని బంధువుల ఇళ్లకు ఇచ్చిన కుటుంబాలు కరువును కాస్త మెరుగ్గా తట్టుకుంటున్నాయని వారు చూపించారు. ఇక్కడ వాన లేకపోయినా అక్కడ పడవచ్చు. వియ్యంకుడి ఊరి చెరువు నిండితే ఇక్కడి పొయ్యి వెలుగుతుంది.

ఈ రెండు వ్యాసాలనూ పల్లెల ఆర్థిక వ్యవస్థ గురించి చదివే డాక్టరేటు విద్యార్థులు ఇప్పటికీ చదువుతూనే వున్నారు.

కౌలులో కిటుకు, సంతలో సిద్ధాంతం

మన వైపు పొలం మక్తాకు ఇవ్వడం వుంది, పాలుకు ఇవ్వడం వుంది. పాలుకు చేసే రైతుకు పండినదానిలో సగమే దక్కుతుంది గనుక అతడు పూర్తిగా ఒళ్లు వంచడని పాతకాలపు అర్థశాస్త్రజ్ఞులు అనేవారు. మరి అంత నష్టమైతే పాలు పద్ధతి ఇన్ని దేశాల్లో, ఇన్ని వందల ఏళ్లు ఎందుకు నిలిచింది? అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయంలో 1967లో డాక్టరేటు పుచ్చుకున్న జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1974లో దీనికొక జవాబు చెప్పాడు. మక్తా అయితే పంట పోయినప్పుడు నష్టమంతా కౌలుదారుదే. కూలి పద్ధతి అయితే నష్టమంతా ఆసామిది, పైగా కూలివాడి వెంట కాపలా వుండాలి. పాలు పద్ధతి ఈ రెంటికీ నడుమ రాజీ. నష్టభయాన్ని ఇద్దరికీ పంచుతుంది, పని చేయాలన్న ఆసక్తినీ కొంత నిలుపుతుంది. రైతు నోట మాటగా వచ్చే ఈ సంగతిని గణితంలో పెట్టి నిరూపించడమే అక్కడి విద్య.

పశువుల సంతలో ఎద్దును కొనేవాడి బాధ కూడా అలాంటిదే. ఎద్దు గుణం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అనుమానంతో కొనేవాడు తక్కువ బేరమాడతాడు. ఆ ధరకు మంచి ఎద్దున్నవాడు సంతకే తోలుకురాడు. చివరకు సంతలో నాసి సరుకు మిగులుతుంది. 1966లో ఎం.ఐ.టి.లోనే డాక్టరేటు పొందిన జార్జ్ అకెర్లాఫ్ ఇదే వాదాన్ని పాత కార్ల బజారును చూపి రాశాడు. మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. నాలుగో పత్రిక 1970లో అచ్చువేసింది. ఆ వ్యాసంలో మన దేశపు వడ్డీ వ్యాపారుల ప్రస్తావన కూడా వుంది. 2001లో అకెర్లాఫ్‌కూ, స్టిగ్లిట్జ్‌కూ, మైకేల్ స్పెన్స్ అనే మరొకరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయిదారేళ్ల వ్యవసాయం

అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలలో అర్థశాస్త్రం డాక్టరేటుకు మామూలుగా అయిదారేళ్లు పడుతుంది. బోస్టన్ నగరం పక్కన వున్న ఎం.ఐ.టి. వంటి చోట ఏటా చేర్చుకునేది పాతిక మందికి అటూ ఇటూగానే. దరఖాస్తులు మాత్రం ప్రపంచం నలుమూలల నుంచి వందల్లో వస్తాయి.

మొదటి ఏడు అందరికీ ఒకే పాఠాలు. మనిషీ, కుటుంబమూ, సంస్థా ఎలా నిర్ణయం తీసుకుంటాయో చెప్పే మైక్రో. ధరల పెరుగుదల, నిరుద్యోగం, దేశం మొత్తం రాబడి గురించి చెప్పే మాక్రో. లెక్కల్లోంచి నిజాన్ని వడగట్టే ఎకనోమెట్రిక్స్. వారం వారం చిక్కు లెక్కల చిట్టాలు ఇస్తారు. తరగతిలో అందరికన్నా ముందుండి వచ్చినవారు కూడా అక్కడ నలుగురితో కూడి పొద్దుపోయేదాకా వాటితో కుస్తీ పట్టవలసి వస్తుంది. తర్వాత గట్టి పరీక్షలుంటాయి. ఇచ్చిన అవకాశాలలో వాటిని దాటలేనివారు మామూలుగా ఎం.ఏ. పట్టాతో బయటకు రావలసి వుంటుంది.

రెండో ఏడాది విద్యార్థి తనకు నచ్చిన శాఖలు ఎంచుకుంటాడు. పల్లెల అభివృద్ధి, కార్మికులు, పన్నులు, బ్యాంకులు, విదేశీ వర్తకం... ఇలా. అసలు పరీక్ష మూడో ఏట మొదలవుతుంది. అప్పటిదాకా ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు రాయడమే చదువు. ఇకమీదట ఇంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న తానే వెదకాలి. మార్కులలో మొదటి స్థానంలో నిలిచినవారు కూడా ఇక్కడ తడబడతారు. నెలల తరబడి చేసిన పని పనికిరాదని తేలవచ్చు. తోటి విద్యార్థులు, ఆచార్యులు కూర్చున్న సభలో నిలబడి చెబుతుంటే మధ్యలోనే ప్రశ్నలతో అడ్డుకుంటారు. అది అవమానం కాదు, అక్కడి ఆనవాయితీ.

చివరకు మూడు వ్యాసాలు కలిపి సిద్ధాంత గ్రంథంగా సమర్పించడం పరిపాటి. అందులో గట్టిదాన్ని చూపించి ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకుంటారు. శీతకాలంలో ఈ ఉద్యోగాల సంత జరుగుతుంది. విశ్వవిద్యాలయాలు, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి, దేశదేశాల కేంద్ర బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఇక్కడినుంచే మనుషులను తీసుకుంటాయి.

విద్యార్థి పని, రాష్ట్రానికి పాఠం

విద్యార్థిగా చేసిన పనే పేరు తెచ్చిన సందర్భాలున్నాయి. ఫ్రాన్సు దేశస్థురాలు ఎస్తేర్ డుఫ్లో 1999లో ఎం.ఐ.టి.లో డాక్టరేటు తీసుకున్నది. ఇండొనేసియా ప్రభుత్వం 1973 నుంచి 1978 వరకు 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. బడులు ఎక్కువగా కట్టిన చోట పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారని, పెద్దయ్యాక వారి జీతాలు కూడా పెరిగాయని ఆమె లెక్క తేల్చింది. 2019లో ఆమెకు, అభిజిత్ బెనర్జీకి, మైకేల్ క్రెమర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బెనర్జీ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో, ఢిల్లీ జె.ఎన్.యు.లో చదివి 1988లో హార్వర్డ్‌లో డాక్టరేటు పొందినవాడు.

వారిద్దరూ మరికొందరితో కలిసి హైదరాబాదులో 104 పేటలలో సూక్ష్మ రుణాల మీద పరిశోధన చేశారు. చీటీ వేసినట్టుగా ఎంచిన సగం పేటలలో ముందుగా రుణ శాఖలు తెరిపించి, మిగిలిన వాటితో పోల్చి చూశారు. అప్పటికే వ్యాపారం వున్నవారు కొందరు దాన్ని పెంచుకున్నారు గాని, పిల్లల చదువులో, ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడులలో 2005లో మొదలైన మరో పరిశోధన వుంది. పిల్లల చదువు మెరుగుపడితే ఉపాధ్యాయులకు అదనపు సొమ్ము ఇస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. 300 ప్రభుత్వ పాఠశాలలను మూడు వందలుగా విడగొట్టారు. వంద బడుల్లో ఏ అయ్యవారి తరగతిని బట్టి ఆయనకు సొమ్ము. వంద బడుల్లో బడి మొత్తానికి కలిపి. మిగిలిన వంద మామూలుగానే వుంచారు. రెండేళ్లకు సొమ్ము ప్రకటించిన బడుల పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ ముందున్నారు. ఈ పని నడిపిన ఇద్దరిలో ఒకరైన కార్తీక్ మురళీధరన్‌కు 2007లో హార్వర్డ్‌లో డాక్టరేటు వచ్చింది. అంటే ఇది మొదలైన నాటికి ఆయన ఇంకా విద్యార్థే.

తెలుగువారి ముద్ర

ఈ రంగంలో తెలుగువారు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1955లో గణితంతో బి.ఏ. చేసిన జి.ఎస్. మద్దాల, బొంబాయిలో సాంఖ్యక శాస్త్రం ఎం.ఏ. ముగించి, షికాగోలో 1963లో అర్థశాస్త్రం డాక్టరేటు పుచ్చుకున్నారు. ఎకనోమెట్రిక్స్‌లో ఆయన రాసిన పాఠ్యగ్రంథాలను ఎన్నో దేశాల విద్యార్థులు చదివారు. ఆయన 1999లో కాలం చేశారు.

అదే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు సాంఖ్యక శాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధులు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరు మీద వున్న సూత్రాలు ఎకనోమెట్రిక్స్ పాఠాలలో తప్పక వస్తాయి. ఈ ఇద్దరూ మొదట చదివింది గణితమేనన్నది తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన విషయం.

డబ్బు మాట

అమెరికా చదువనగానే మన పల్లెల్లో ఎకరాలు లెక్కపెట్టుకుంటారు. ఇక్కడ తేడా తెలుసుకోవాలి. సొంత ఖర్చుతో చదివే ఎం.ఎస్. వేరు, డాక్టరేటు వేరు. పెద్ద విశ్వవిద్యాలయాలలో డాక్టరేటుకు ఎంపికైనవారికి సాధారణంగా చదువు రుసుము విశ్వవిద్యాలయమే భరిస్తుంది. ఆరోగ్య బీమా ఇస్తుంది. తిండికీ, అద్దెకూ సరిపడేలా నెలనెలా భృతి ఇస్తుంది. అందుకు బదులుగా కొన్నాళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పడమో, ఆచార్యుల పరిశోధనలో సాయపడడమో చేయాలి.

కనుక డాక్టరేటు సీటు ఇప్పిస్తామని లక్షలు అడిగేవారి మాట నమ్మకూడదు. ఈ సీటు డబ్బుకు దొరకదు. దరఖాస్తు దశలో మాత్రం ఖర్చుంది. ఒక్కో విశ్వవిద్యాలయానికి రుసుము వంద డాలర్లకు అటూ ఇటూగా వుంటుంది. పది చోట్ల పెడితే వెయ్యి డాలర్లు. దీనికి తోడు జి.ఆర్.ఇ., ఇంగ్లీషు పరీక్షల ఫీజులు. కట్టలేని స్థితిలో వున్నవారికి దరఖాస్తు రుసుము మాఫీ చేసే విశ్వవిద్యాలయాలున్నాయి. అడగాలి, అడిగితే తప్పులేదు.

దారి ఎక్కడ మొదలవుతుంది?

ఇంటర్‌లో ఎం.పి.సి. గాని ఎం.ఇ.సి. గాని తీసుకున్నవారికి దారి తెరిచి వుంటుంది. రెండింటిలోనూ లెక్కలున్నాయి. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివినవారికి దారి పూర్తిగా మూసుకుపోదు గాని, లెక్కలను విడిగా నేర్చుకుని రుజువు చూపవలసి వస్తుంది. డిగ్రీలో గణితం, సాంఖ్యక శాస్త్రం, అర్థశాస్త్రం మూడూ కలిసివున్న కోర్సు దొరికితే మేలు. కలన గణితం, మాత్రికలు, సంభావ్యత బాగా రావాలి. సూత్రాన్ని వాడడమే కాక దాన్ని నిరూపించడం కూడా తెలియాలి.

ఆ తర్వాత ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, బొంబాయిలోని ఇందిరాగాంధీ పరిశోధన సంస్థ వంటి చోట్ల ఎం.ఏ. స్థాయి చదువుకు ప్రవేశ పరీక్షలుంటాయి. మన దేశం నుంచి విదేశీ డాక్టరేట్లకు వెళ్లినవారిలో ఎంతోమంది ఈ మెట్టు ఎక్కి వెళ్లినవారే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కూడా అర్థశాస్త్ర విభాగం వుంది. చదువయ్యాక రెండేళ్లు ఏ ఆచార్యుడి దగ్గరైనా పరిశోధన సహాయకుడిగా పనిచేసి అనుభవం సంపాదించడం ఇప్పుడు పరిపాటి అయింది. అలా పనిచేయించుకున్న పెద్దలు రాసిచ్చే సిఫారసు లేఖలకు మార్కుల జాబితా కన్నా ఎక్కువ విలువ వుంటుంది. దరఖాస్తులకు గడువు సాధారణంగా డిసెంబరులో ముగుస్తుంది.

పట్నం వెళ్లే వీలులేని వారికి మరో దారి వుంది. ఎం.ఐ.టి. 2017 నుంచి అభివృద్ధి అర్థశాస్త్రం పాఠాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. పరీక్షల రుసుము కుటుంబ ఆదాయాన్ని బట్టి వుంటుంది. వాటిలో బాగా రాణించినవారిని అక్కడి మాస్టర్స్ కోర్సుకు ఎంపిక చేస్తారు. డిగ్రీ పట్టా వుండి తీరాలన్న నిబంధన కూడా లేదు. మొదటి జట్టు 2020లో అక్కడ చేరింది.

కష్టాలు కూడా తెలియాలి

ఇది సులువైన బేరం కాదు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకు ఉద్యోగంలో చేరి ఇంటికి డబ్బు పంపవలసిన కొడుకో కూతురో, ఎం.ఏ., సహాయక ఉద్యోగం, డాక్టరేటు అన్నీ కలుపుకుంటే ముప్పై దాటేదాకా విద్యార్థిగానే వుంటారు. భృతి ఒక మనిషికి సరిపోతుంది, ఇంటి అప్పులు తీర్చదు. మధ్యలో మానేసేవారూ వున్నారు. అమెరికాలో ప్రభుత్వ నిధుల కోత మూలాన 2025లో కొన్ని విశ్వవిద్యాలయాలు డాక్టరేటు సీట్లు తగ్గించాయి. ఇంగ్లీషు రాకపోతే మొదటి ఏడు నరకం. ఇవన్నీ తెలిసి దిగాలి.

అయినా దిగేవారు కావాలి. కౌలు చట్టం ఎలా వుండాలి, రుణమాఫీ ఎవరికి అందుతోంది, కూలి డబ్బు చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతోంది అన్న ప్రశ్నలకు జవాబులు ఇలాంటి చదువులు చదివినవారి బల్లల మీదనే తయారవుతున్నాయి. వారు మన ఊళ్లకు వచ్చి అడిగి రాసుకుని వెళుతున్నారు. చాలామంది నిజాయితీగానే చేస్తున్నారు. కాని ఏ ప్రశ్న అడగాలో తెలియడానికి వారికి ఏళ్లు పడుతుంది. మక్తా చెల్లించలేక పొలం వదులుకున్న ఇంట్లో పెరిగిన అమ్మాయికి ఆ ప్రశ్న పుట్టుకతోనే తెలుసు. ఆమెకు తెలియనిది దాన్ని గణితంలో పెట్టడం ఒక్కటే. అది నేర్పగల లెక్కల మాస్టారు మండలంలో ఏదో ఒక ఉన్నత పాఠశాలలో వుండే వుంటారు.